తాగుడు రక్తంలోనే వస్తుందా? తమ్ముడి విషయంలో భయంగా ఉంది

లంకపిల్ల (అమలాపురం దగ్గర):
మా తాతయ్య కల్లుతో మొదలుపెట్టి సారాతో పోయారు. నాన్నగారికి రోజూ సాయంత్రం క్వార్టర్ ఉండాలి, బాబాయికి లివర్ పాడై ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నారు. ఇప్పుడు తమ్ముడు మొదలుపెట్టాడు. వాడికి 20, భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సంక్రాంతికి కోడిపందాల బరి దగ్గర వాడి బ్యాచ్ అంతా పడిపోతే, వాళ్ళతో సమానంగా తాగి కూడా వీడు తూలలేదట. మామయ్యలు దాన్నే గొప్పగా చెప్పుకుంటున్నారు, వాడికి ఎక్కదు కాబట్టి వాడేం పాడవడని. అమ్మేమో మీ వంశమే అంత అని వదిలేసింది. నిజంగా జీన్స్ వల్లేనా? ముందే తెలుసుకునే టెస్టు ఏదైనా ఉందా? నాకు సంబంధాలు చూస్తున్నారు, రేపు నా పిల్లలకీ వస్తుందేమోనని టెన్షన్.

నైట్‌డ్యూటీ (సైకియాట్రీ పీజీ, కాకినాడ):
మీ మామయ్యలు మెచ్చుకుంటున్నదే నాకు భయం కలిగించిందండీ. అమెరికాలో మార్క్ షుకిట్ అనే డాక్టర్, తాగుడుకు బానిసలైనవాళ్ళ కొడుకులను 20 ఏళ్ళ వయసులో పరీక్షించి, కొలిచిన మోతాదు ఇచ్చి ఎవరికి ఎంత ఎక్కుతుందో రాసుకున్నారు. పదేళ్ళ దాకా ఆగి మళ్ళీ చూస్తే, పెద్దగా ఎక్కనివాళ్ళలో 56 శాతం మంది బానిసలయ్యారు, బాగా ఎక్కినవాళ్ళలో 14 శాతమే. 1994లో వచ్చింది ఆ ఫలితం. ఒక పెగ్గుకే తల తిరిగినవాడు ఆగిపోతాడు, ఎక్కనివాడికి ఆపమని లోపలినుంచి చెప్పేదేమీ ఉండదు, పక్కవాళ్ళు శభాష్ అంటారు, మోతాదు పెరుగుతుంది. లివర్‌కు మాత్రం తూలాడా లేదా అన్నదానితో పని లేదు.

కవలల మీద చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే మద్యం వ్యసనంలో వారసత్వం పాలు దాదాపు సగం అని తేలింది. అంటే మీ తమ్ముడికి సగం అవకాశం ఉందని కాదు, మనుషుల మధ్య కనిపించే తేడాల్లో సగం జీన్స్ నుంచి వస్తుందని. డెన్మార్క్‌లో పసితనంలోనే దత్తత వెళ్ళిన పిల్లల మీద 1973లో ఒక అధ్యయనం వచ్చింది. తాగుబోతు తండ్రిని చూడకుండా పెరిగిన కొడుకుల్లో కూడా ముప్పు మూడు నాలుగు రెట్లు ఎక్కువ కనిపించింది. కాబట్టి నాన్నను చూసి నేర్చుకున్నాడు అన్న మాట ఒక్కటే సరిపోదు.

టెస్టు లేదు. వందల జీన్స్, ఒక్కొక్కటీ కొంచెం కొంచెం. ఆన్‌లైన్‌లో అమ్మేవాటికి డబ్బులు పెట్టకండి, మీ కుటుంబం కథే అంతకన్నా ఎక్కువ చెప్తుంది.

యెదుర్లంక బస్సు:
డాక్టరు గారూ, జీన్స్ జీన్స్ అంటే తాగేవాడికి సాకు దొరుకుతుంది. 1995లో నిషేధం పెట్టి 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్ళలో మా ఊళ్ళో ఎవరి జీన్సూ మారలేదు కానీ తాగేవాళ్ళు తగ్గారు, నా కళ్ళతో చూశాను. తగ్గనివాళ్ళు పడవెక్కి యానాం వెళ్ళేవాళ్ళు, అది పుదుచ్చేరి కింద ఉంది కదా, అక్కడ నిషేధం లేదు, గోదారి దాటితే సీసా. మా నాన్న కూడా తాగేవాడే, నేను ముట్టను.

నైట్‌డ్యూటీ:
ముట్టకపోతే ఏ జీనూ ఏమీ చేయలేదు, ఒప్పుకుంటాను. మిగతా సగం అదే మరి, దుకాణం ఎంత దూరం, ఎవరితో తిరుగుతున్నాడు, ఏ వయసులో మొదలుపెట్టాడు. కానీ నిషేధంలో కూడా పడవెక్కినవాళ్ళు ఎవరో ఒకసారి ఆలోచించండి.

లంకపిల్ల:
నాన్నగారు అయ్యప్ప మాల వేస్తే 41 రోజులు ముట్టరు, అందుకే బానిస కాదంటారు. అమ్మ ఎవరో చెప్పారని చెప్పకుండా అన్నంలో కలిపే మందు తెప్పిస్తానంటోంది.

నైట్‌డ్యూటీ:
ఆ మందు వద్దు. సాధారణంగా అందులో ఉండేది డైసల్ఫిరామ్. మద్యం శరీరంలో విరిగేటప్పుడు వచ్చే అసిటాల్డిహైడ్ అనే విషాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుంది, విషం ఒంట్లోనే పేరుకుపోతుంది. జపాన్, చైనా, కొరియాల్లో చాలామందికి పుట్టుకతోనే ఆ ఎంజైమ్ సరిగా పనిచేయదు, గుక్క తాగితే ముఖం ఎర్రబడి గుండె దడ, అందుకే వాళ్ళలో వ్యసనం తక్కువ. మనవాళ్ళలో ఆ రకం అరుదు. తెలిసి వేసుకుంటే, డాక్టరు చూస్తుంటే పనికొస్తుంది. తెలియకుండా పెడితే, ఆయన పైన ఒక క్వార్టర్ వేస్తే, గుండె జబ్బు ఉన్నవాళ్ళ ప్రాణమే పోవచ్చు.

మాల సంగతి: రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, పిచ్చిపిచ్చిగా మాట్లాడటం రావచ్చు. ఇన్నేళ్ళూ రాలేదని ఈసారీ రాదనుకోకండి. మాలకు ముందే డాక్టరుకు చూపించండి.

తమ్ముడికి వంశం పేరెత్తి తిట్టొద్దు, ఆ 56, 14 లెక్క చూపించండి, ఇంజనీరింగ్ కుర్రాడు కదా. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఇక మీ పెళ్ళి విషయం, వారసత్వపు పాలు ఆడవాళ్ళలోనూ తక్కువేం కాదు, మన ఊళ్ళల్లో తాగే వీలే తక్కువ. పిల్లలకి ముప్పు కొంచెం ఎక్కువే. వచ్చే సంబంధాల్లో అబ్బాయి తాగుతాడా లేదా అని మీరూ అడగండి, అడిగే హక్కు వాళ్ళొక్కళ్ళదే కాదు.

యెదుర్లంక బస్సు:
ఆయ్, ఆ చివరి మాట మాత్రం కరెక్టండీ.