తోరణం డిజైన్ అతుకు దగ్గర కలవడం లేదు, ఎవరైనా చెప్పండి

సూదిదారం: నిన్న రాత్రి పదకొండింటికి కూర్చున్నా, తెల్లారిపోయింది. ఖిలా వరంగల్ రాతి తోరణం స్తంభాలు, పైనున్న హంసలు, వేలాడే తామర మొగ్గలు కలిపి కర్టెన్ గుడ్డకి డిజైన్ గీశా. ఒక్క బొమ్మగా చూస్తే ముచ్చటగా ఉంది. కిందా మీదా పేర్చగానే పై స్తంభం, కింది స్తంభం కలవక మెడ విరిగినట్టుంది. ప్రింటింగ్ వాళ్లేమో "మా దగ్గర రాదమ్మా" అని ఫైల్ తిప్పి పంపారు. ఎందుకు రాదో చెప్పరు! శుక్రవారం ఇవ్వాలి, ఒకటే టెన్షన్.

రంగుడబ్బా: రిపీట్ ఎంత, అంటే ఎన్ని సెంటీమీటర్లకి బొమ్మ మళ్లీ మొదలవుతుంది? ప్రింటింగ్ రోటరీనా, ఫ్లాట్‌బెడ్డా, డిజిటలా?

కోటగడ్డ: తోరణం అన్నారు, సంతోషం. చాలామంది కోట గేటు అంటారు, వినలేక చస్తున్నా. అవి స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిపినవి. గుడి కూలిపోయినా నాలుగూ నిలబడ్డాయి. మీరు నాలుగూ చూశారా? అట్లాగే రామప్ప గుడికి (1213 నాటిది) వెళ్లండి. గుడి ఎర్రటి ఇసుకరాయి, మదనికలు, అంటే అక్కడి స్త్రీల శిల్పాలు, నల్లరాయి. ఆ రెండు రంగులు చాలు కర్టెన్‌కి.

సూదిదారం: సర్, రంగులు కుదిరాయి. అతుకే కుదరడం లేదు.

మగ్గంగుంత: కర్టెన్ ఎందుకు బిడ్డా, దర్రీ మీద వేయరాదూ? వరంగల్ దర్రీకి 2018లో జీఐ (ఫలానా ఊరి సరుకు అనే) గుర్తింపు కూడా వచ్చింది. కాకపోతే హంస మెడ లాంటి వంపు మగ్గం మీద మెట్లు మెట్లుగా వస్తుంది. ముందు గ్రాఫ్ కాగితం మీద గడులు నింపి చూసుకోవాలి.

కోటగడ్డ: దర్రీ ఏమిటండీ, జంపఖానా అనండి.

మగ్గంగుంత: ఇంట్లో జంపఖానానే సార్. బిల్లు మీద మాత్రం దర్రీ.

రంగుడబ్బా: రిపీట్ అడిగా.

సూదిదారం: నిలువు 30 సెంటీమీటర్లు అన్నా. రోటరీ అన్నారు. అదీ చెప్పాలా?

రంగుడబ్బా: అదే చెప్పాలి. రోటరీ స్క్రీన్ అంటే గుండ్రంగా తిరిగే గొట్టం, దాని చుట్టుకొలత మామూలుగా 64 సెంటీమీటర్లు. అందులో 30 సరిగ్గా పట్టదు, 4 మిగులుతుంది. 32 చేస్తే స్క్రీన్ ఒక్క చుట్టు తిరిగేసరికి రెండు బొమ్మలు పడతాయి. వాళ్ల స్క్రీన్ కొలత కూడా అడుగు.

నీలిమందు: ఫోటో మీద ట్రేస్ చేశావు కదా చెల్లీ? కింద నిలబడి తీస్తే స్తంభాలు పైకి పోయేకొద్దీ దగ్గరపడతాయి. కింద వెడల్పు, పైన ఇరుకు, ఇంకెట్లా కలుస్తాయి? స్తంభాలు నిటారుగా మళ్లీ గీయి. తర్వాత బొమ్మను అడ్డంగా సగం, నిలువుగా సగం జరుపు. అంచులన్నీ మధ్యలోకి వస్తాయి, అతుకు అక్కడే సరిచేసి వెనక్కి జరిపెయ్.

కోటగడ్డ: మొగ్గలు కిందికే వేలాడాలి, తలకిందులు చేయకండి.

సూదిదారం: ఫోటో మీదే గీశా అక్కా. మళ్లీ గీసి 32 చేశా, స్తంభాలు కలిశాయి. ఒక హంస తోక మాత్రం ఇంకా తెగుతోంది, చూస్తా. థ్యాంక్స్ అన్నా.

కోటగడ్డ: నాలుగు తోరణాలూ చూశారా అని అడిగాను.

మగ్గంగుంత: సార్, జంపఖానా కావాలంటే చెప్పండి, హంస లేకుండా నేస్తా.