అప్‌డేట్: చిన్న బాత్రూమ్‌కి టైల్స్, రంగులు ఖాయం చేశాం

5×8 అడుగుల బాత్రూమ్‌కి అన్ని గోడలూ ముదురు బూడిద రంగు, నేలకి 600×600 మి.మీ. టైల్ వేయొచ్చా అని అడిగాను కదా. రెండూ మానేశాం.

నేలకి 300×300 మ్యాట్ (మెరుపు లేని) యాంటీ స్కిడ్, అంటే కాలు జారని టైల్. నీళ్లు జాలీ వైపు పోవాలంటే మీటరుకి 10–15 మి.మీ. వాలు కావాలి. పెద్ద టైల్ వంగదు కాబట్టి ఐమూలగా కోయాలి, లేకపోతే మూలల్లో నీళ్లు నిలుస్తాయి. 40 చదరపు అడుగులకి, తరుగు 10 శాతం కలిపి, 46 టైల్స్. అన్ని పెట్టెల మీదా బ్యాచ్, షేడ్ నంబర్లు ఒకటే ఉండాలి. తర్వాత నాలుగు కొందామంటే రంగు కలవదు.

గోడలకి 300×600 లేత క్రీమ్. ముదురు టైల్ మీద ఉప్పునీటి చారలు, సబ్బు తెట్టు తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అందుకే బూడిద రంగు కమోడ్ వెనక గోడకే, నీళ్లు తక్కువ పడే చోటు. ఆ మోజు అక్కడితో సరి! శాంపిల్‌ని బాత్రూమ్ లైటు కిందే గోడకి నిలబెట్టి, పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి చూడాలి. 3000 కెల్విన్ (లైటు రంగు కొలత; అంకె తగ్గితే పసుపు ఎక్కువ) లైటులో క్రీమ్ పసుప్పచ్చగా తేలింది, 4000కి మార్చాక కుదిరింది.

గ్రౌట్, అంటే టైల్స్ మధ్య సందుల్లో నింపేది, లేత బూడిద ఎపాక్సీ (రెసిన్ రకం), సందు 2 మి.మీ. కొంచెం కొంచెంగా నింపి వెంటనే తడి స్పాంజితో తుడవాలి; పొర ఆరిపోతే గీకినా రాదు. గోడలు కలిసే మూలల్లో మాత్రం గ్రౌట్ వద్దు, పగులుతుంది. అక్కడ అదే రంగు సిలికాన్ (రబ్బరులా సాగే సీలెంట్).