ఊడ్పు పాటల క్యాసెట్లు: యూట్యూబ్‌లో పెట్టాలా, ఆర్కైవ్‌కి ఇవ్వాలా?

కోనసీమ_చిన్నది:
అమలాపురం దగ్గర మా ఊళ్లో అటక మీంచి నలభై క్యాసెట్లు దింపాం. మా మావయ్య 1996లో రికార్డు చేసినవి. ఊడ్పు పాటలు, గొబ్బి పాటలు, కొన్ని లాలిపాటలు. సగానికి బూజు పట్టింది, మన కోనసీమ చెమ్మ సంగతి తెలిసిందేగా. నా ఉద్యోగం సంగీత గ్రంథాలయంలో. ఆర్కైవ్‌కి ఇద్దామంటాను. తమ్ముడు యూట్యూబ్‌లో పెట్టేద్దామంటాడు.

లంక_రైతు:
తమ్ముడి మాటే రైటు. ఆర్కైవ్ అంటే బీరువా, బీరువా అంటే తాళం. ఇప్పుడు మా చేలో ఊడ్పు యంత్రం తిరుగుతోంది, పాట ఎక్కడుంది? పిల్లలు వినాలంటే ఫోన్లోనే వినాలి.

కోనసీమ_చిన్నది:
తాళం సంగతి ఒప్పుకుంటా, మా దగ్గరా ఉంది ఆ జబ్బు. కానీ డచ్ సంగీత పరిశోధకుడు ఆర్నాల్డ్ బాకే 1938లో దక్షిణాదిలో రికార్డు చేసిన పాటలు పట్టుకుని, 1984లో నజీర్ జైరాజ్‌భాయ్ అనే మరో పరిశోధకుడూ ఆయన వాళ్లూ మళ్లీ ఆ ఊళ్లకే వెళ్లారు. ఏది ఎక్కడిదో రాసి ఉండబట్టే కదా! యూట్యూబ్‌లో 'పల్లె పాట పార్ట్ 3' అని పెడితే రేపు ఎవరు ఎక్కడికి వెళ్తారు? నేదునూరి గంగాధరం గారు సేకరించి అచ్చేసిన పాటల్లో మాట దొరుకుతుంది, గొంతు దొరకదు. మనకి గొంతే దొరికింది. ముందు ఆ గొంతు ఏమీ పోకుండా 24 బిట్ డిజిటల్ ఫైల్లోకి ఎక్కించాలి, కుదించి ఎంపీ3 చేసి ఊరుకుంటే కుదరదు.

పాత_పంతులు:
అమ్మా, 1994 సవరణతో పాడినవాళ్లకూ కాపీరైట్ చట్టంలో హక్కు వచ్చింది. ఇప్పుడది 50 ఏళ్లు, అంటే మీ పాటలకి 2046 దాకా. పైగా ఊడ్పు పాటల్లో ఆసామిని దెప్పిపొడిచేవి ఉంటాయి. కుంచం తక్కువ కొలిచాడని పేరు పెట్టి పాడి ఉంటే, ఆయన మనవడు ఇంకా ఆ వీధిలోనే ఉంటాడు.

లంక_రైతు:
అయితే అవే ముందు పెట్టాలండీ :)

పేట_అబ్బాయి:
ఒక మాట అడుగుతానండీ. ఆ పాటలు పాడింది మా పేట ఆడవాళ్లు. మా మామ్మ చెప్పేది, ఎవరో పెట్టె పట్టుకుని గట్టు మీద కూర్చున్నారని. ఒక్క క్యాసెట్టు మా ఇంటికి రాలేదు. మీ రిజిస్టర్‌లో పాడినవాళ్ల పేర్లున్నాయా?

కోనసీమ_చిన్నది:
ఇప్పుడే నోటుబుక్కు తీసి చూశాను. తేదీ ఉంది, చేను పేరు ఉంది. పేర్ల చోట 'కూలీలు, 11 మంది' అని ఉంది.

పేట_అబ్బాయి:
అందులో ముగ్గురు ఇంకా ఉన్నారండీ. గొంతు వింటే మిగతావాళ్లని కూడా చెబుతారు.

కోనసీమ_చిన్నది:
ఆదివారం వస్తాను. ప్లేయరు నేనే తెస్తాను. తమ్ముడికి ఆగమని చెప్పాను.