అప్‌డేట్: రాజీనామా తర్వాత ఆపేసిన జీతం వచ్చింది

రాజీనామా చేసి బయటికి వచ్చాక చివరి నెల జీతం 45 రోజుల తర్వాతే ఇస్తామని కంపెనీ అంటోంది, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. డబ్బు వచ్చేసింది. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

జీతాల చెల్లింపుపై కేంద్ర చట్టమైన వేతనాల కోడ్, 2019లోని 17(2) సెక్షన్‌ను పేర్కొంటూ ఈమెయిల్ పంపమన్న సలహానే పనిచేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన ఆ సెక్షన్ ప్రకారం, ఉద్యోగి రాజీనామా చేసినా, యాజమాన్యం తొలగించినా, రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఈ కోడ్ అమలుకు రాష్ట్రం చేయాల్సిన నియమాలు ఇంకా రాలేదు కాబట్టి పాత పద్ధతే నడుస్తుందని హెచ్‌ఆర్ వాదించింది. నేను కలిసిన న్యాయవాది ఆ వాదనను ఒప్పుకోలేదు. గడువు చట్టంలోనే ఉన్నప్పుడు నియమాల కోసం ఆగడమెందుకు? కంపెనీ పాలసీ చట్టం కంటే పెద్దది కాదు కదా! ఇదే మాట రాతపూర్వకంగా పంపాకే కదలిక వచ్చింది. ఫోన్లో ఎంత మాట్లాడినా లాభం లేకపోయింది.

మేనేజర్లకు ఇది వర్తించదేమోనని కొందరు సందేహించారు. అది అడ్డు రాలేదు, ఈ కోడ్‌లో ‘ఉద్యోగి’ అంటే మేనేజర్లు కూడా.

గ్రాట్యుటీకి (చేసిన సర్వీసుకు ఉద్యోగం మానేటప్పుడు యాజమాన్యం ఇచ్చే మొత్తానికి) మాత్రం ఈ రెండు రోజుల లెక్క కుదరదు. దానికి 30 రోజుల గడువు వేరుగా ఉంది. నాకు అది ఇంకా రావాలి.