జట్టులో ఒక్కరే చదువుతున్నారు, మిగతావాళ్ళు దించుకుంటున్నారు

ప్రశ్న: గుంటూరు తెలుగు టీచర్

గుంటూరు నుంచి తెనాలి వెళ్ళే దారిలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఎనిమిదో తరగతిలో 42 మంది. ఎక్కువ మంది గడగడా చదివేస్తారు. చదివినదేమిటని అడిగితే నేల చూపులు చూస్తారు. పరీక్షలో అపరిచిత గద్యం ఇస్తే, ప్రశ్నలోని మాట గద్యంలో ఎక్కడుందో వెతికి ఆ వాక్యం మొత్తం ఎత్తి రాస్తారు. దానికి మార్కు కూడా పడుతుంది, అదే నా బాధ.

దసరా సెలవుల తర్వాత ఎనిమిది జట్లు చేశాను. జట్టులో ఒకరు తర్వాత ఏం రాబోతోందో ఊహించాలి, ఒకరు అర్థంకాని మాటలు తేల్చాలి, ఒకరు ప్రశ్నలు వేయాలి, ఒకరు సారాంశం చెప్పాలి. మిగిలినవాళ్ళు సమయం చూడాలి. ఎవరి పని వాళ్ళకు అట్టముక్క మీద రాసి మెడలో వేసుకోమన్నాను. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. హెడ్మాస్టారు ఫోటో కూడా తీసుకున్నారు.

ప్రకాశం బ్యారేజీ మీద నేనే ఒక పేజీ రాసి ఇచ్చాను: 1855 నాటి పాత ఆనకట్ట, 1952లో దానికి గండి పడటం, 1957లో కొత్త బ్యారేజీ, దాని కింద 12 లక్షల ఎకరాలకు పైగా సాగు. మూడో బెంచీ దగ్గర నిలబడి చూద్దును కదా, మార్కుల్లో ముందుండే అమ్మాయి నాలుగు పనులూ తనే చేసేసి "రాసుకోండి" అంటోంది. సారాంశం చెప్పాల్సిన పిల్లవాడి మెడలో అట్ట ఉంది, నోట్లో మాట లేదు. ఎనిమిది జట్లలో ఆరింటి సంగతి ఇంతే. ఒక టీచరు బదులు ఆరుగురు టీచర్లు తయారయ్యారు. ఇంతకన్నా నేను నల్లబల్ల ముందు నిలబడి చెప్పుకోవడమే నయమా?

జవాబు: సత్యనారాయణపురం పంతులు (రిటైర్డ్)

అమ్మా, అట్టలు మొదటిరోజే ఇచ్చేశారు, తేడా అక్కడే వచ్చింది. మీరు చేసినది పాలింక్సర్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు 1984లో ప్రచురించిన పద్ధతి. వాళ్ళు తీసుకున్నది ఏడో తరగతి పిల్లల్ని. అక్షరం చదవగలరు, అర్థం పట్టుకోలేరు. అచ్చం మీవాళ్ళే. మొదట్లో చాలా భాగం పెద్దవాళ్ళే చేసి చూపించారు. ఆ తర్వాత పేరాకొకరు చొప్పున పిల్లలు పంతులు పాత్ర తీసుకున్నారు. దాదాపు 20 రోజులు పట్టిన పని అది.

చేసి చూపించడమంటే వివరించడం కాదు, వాళ్ళ ముందు తడబడి చూపించడం. నేనైతే మీ పేజీ పట్టుకుని ఇలా గొణిగేవాణ్ణి: "గండి పడింది అన్నారు. గండికోటలో గండి అంటే కొండల మధ్య ఇరుకు. ఇక్కడ కొండ లేదే! కింది వాక్యం చూద్దాం. నీళ్ళు ఆగలేదట. ఓహో, తెగిపోయిందన్నమాట." పంతులు కూడా ఆగి వెనక్కి చదువుతాడని పిల్లలకు అప్పటిదాకా తెలియదు. నా క్లాసులో ఒకడు "మీకు కూడా తెలియదా మాస్టారూ" అని జాలిపడ్డాడు.

జవాబు: పటమట సోషల్ సార్

మేడమ్, దించుకోవడానికి ఏమీ మిగల్చకండి. పేజీని నాలుగైదు ముక్కలుగా కత్తిరించి ఒక్కొక్కరికి ఒక్కో ముక్కే ఇవ్వండి. ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో అమెరికాలో, టెక్సస్‌లోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టినది ఇదే. అక్కడ తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లలను కొత్తగా ఒకే తరగతిలో కూర్చోబెడితే గొడవలయ్యాయి. పక్కవాడు నోరు తెరిస్తేగాని తన పాఠం పూర్తికాకుండా చేశాడాయన. ఒకే ముక్క వచ్చినవాళ్ళంతా ముందు ఒకచోట కలిసి చదువుకుని, తర్వాత సొంత జట్టుకు వెళ్ళాలి. ఈ మెట్టు దాటేయకండి.

నేను పడిన గుంట కూడా చెబుతాను. ఆంధ్ర రాష్ట్ర పాఠాన్ని ఇలాగే పంచాను. 1953 ముక్క ఉన్న పిల్లవాడు మధ్యలో జ్వరమని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ జట్టు కర్నూలు రాజధాని, గుంటూరు హైకోర్టు ఏవీ చూడకుండా మద్రాసు నుంచి తిన్నగా 1956 నవంబరు 1కి వచ్చేసింది! అప్పటినుంచి ప్రతి ముక్కా ఇద్దరికి ఇస్తున్నాను.

జవాబు: మంగళగిరి ఒకటో తరగతి టీచర్

మాట లేని ఆ పిల్లవాడి గురించి ఎవరూ అడగలేదు. వాడికి ఒక పేరా మీరు చదివి వినిపించి, రెండు ప్రశ్నలు వేయండి. చెప్పగలిగితే వాడికి అర్థం చేసుకోవడం వచ్చు, చదవడమే రాదు. ఒత్తుల దగ్గర ఆగిపోతుంటాడు. అలాంటివాడికి ఏ జట్టు పెట్టినా రోజూ పది నిమిషాలు విడిగా కూర్చోబెట్టక తప్పదు. ఇది మా తరగతుల్లో జరగాల్సిన పని, జరగలేదు, ఒప్పుకుంటున్నాను.

మళ్ళీ గుంటూరు తెలుగు టీచర్ (మూడు వారాల తర్వాత)

మంగళగిరి మేడమ్ చెప్పినట్టే అయింది. ఆ పిల్లవాడికి చదివి వినిపిస్తే అన్నీ చెప్పాడు. తననే చదవమంటే "విస్తీర్ణం" దగ్గర ఆగిపోయాడు.

అట్టలు తీసేశాను. వారం రోజులు నేనే తడబడ్డాను, తర్వాత ముక్కలు పంచాను. అర్థంకాని మాట వస్తే ఏం చేయాలో క్లింగ్నర్, వాన్ అనే పరిశోధకుల పద్ధతి నుంచి తీసుకున్నాను: ఆ వాక్యం మళ్ళీ చదవడం, ముందు వెనుక వాక్యాలు చూడటం, మాటను విడగొట్టడం. చివరిది ఇంగ్లీషుకు బాగా పనిచేస్తుందేమో గాని, మనవాళ్ళు జలాశయాన్ని విడగొట్టి "నీళ్ళ ఆశయం" అన్నారు.

ఆయకట్టు దగ్గర మరీ విడ్డూరం. "ఆయన కట్టినది" అని తేల్చింది మన మార్కుల అమ్మాయి. ఏ ఆయన అంటే ఇంజనీరు గారట. జట్టంతా రాసుకుంటున్నారు. ఆ ముక్క మన పిల్లవాడి చేతిలో ఉంది. "కాదు," అన్నాడు. "రేపల్లె వైపు మా తాత పొలం చివరి ఆయకట్టు. కాలువ నీళ్ళు అందరికీ అందాక మాకు వస్తాయి. ఒక్కోసారి రావు." ఆ అమ్మాయి వాడి వైపు కాసేపు చూసి, రబ్బరు తీసింది. తర్వాత "అయితే 12 లక్షల ఎకరాల్లో మీ తాతది కూడా ఉందా?" అని అడిగింది. ఆ పీరియడులో ఒక పిల్ల తనంతట తాను వేసిన మొదటి ప్రశ్న అదే.

అన్నీ బాగున్నాయని కాదు. గోల విపరీతం, పక్క తరగతి లెక్కల మేడమ్ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. సిలబస్ రెండు పాఠాలు వెనకబడింది. రెండు జట్లు ఇంకా దించుకుంటూనే ఉన్నాయి. రేపటి పేజీ దుగ్గిరాల లాకుల గురించి. రాసి పెట్టాను గాని, స్టాఫ్ రూములో కత్తెర ఎవరో పట్టుకెళ్ళారు.