జార్జ్ నోరిస్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న: లా విద్యార్థిని, హనుమకొండ
చట్టసభకు వెళ్లిన వకీలు ఒకరి జీవితం మీద వచ్చే వారం సెమినార్ ఇవ్వాలి. అమెరికాకు చెందిన జార్జ్ నోరిస్‌ను ఎంచుకున్నా. 1861లో ఒహాయో పల్లెలో పుట్టాడు. నెబ్రాస్కాలో వకీలు, జడ్జి, 1903 నుంచి పదేళ్లు ప్రతినిధుల సభ, తర్వాత ముప్పై ఏళ్లు సెనేట్. తేదీలన్నీ నోటికొచ్చాయి, ఎలాంటి మనిషో మాత్రం చెప్పలేకపోతున్నా. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: వకీలు, వరంగల్
1910 మార్చి 17తో మొదలుపెట్టమ్మా. అప్పట్లో స్పీకర్ జోసెఫ్ కానన్ మాటే సభకు శాసనం. ఏ బిల్లు చర్చకు రావాలో తేల్చే రూల్స్ కమిటీకీ ఆయనే పెద్ద. దాన్ని మార్చే తీర్మానం రాసి నోరిస్ కోటు జేబులో పెట్టుకుని తిరిగేవాడు. జనాభా లెక్కలు రాజ్యాంగం చెప్పిన పని కాబట్టి ఆ బిల్లు ముందు తీసుకోవచ్చని ఆ రోజు సభలో తేలింది. నోరిస్ లేచాడు. సభ నియమాలు సభే చేసుకోవాలని కూడా రాజ్యాంగమే చెప్పింది కదా అని కాగితం తీశాడు. 19న గెలిచాడు. స్పీకర్ ఆ కమిటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది, అదీ సొంత పార్టీ స్పీకర్! ఎదుటి పక్షం వాదనతోనే కేసు గెలవడం ఇది. జూనియర్లకు నేను తప్పకుండా చెబుతా.

జవాబు: ఎంఏ చరిత్ర, కరీంనగర్
1917 వదలొద్దు. మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగొద్దని సెనేట్‌లో ఓటేసింది ఆరుగురే, అందులో ఆయనొకడు.

జవాబు: రైతు, సిరిసిల్ల
బిడ్డా, నాకు నోరిస్ అంటే కరెంటే. టెనెస్సీ నది మీద సర్కారు కట్టిన డ్యామును హెన్రీ ఫోర్డ్ అడిగితే, జనం సొమ్ము జనానికే ఉండాలని అడ్డుపడ్డాడు. ఆ డ్యామును సర్కారే నడపాలన్న ఆయన బిల్లులు రెండుసార్లు ఉభయ సభలూ దాటినా అప్పటి అధ్యక్షులు కూలిడ్జ్, హూవర్ సంతకం పెట్టలేదు. 1933లో కొత్త అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పెట్టాడు. అప్పటికి అక్కడ పదింట తొమ్మిది రైతు ఇళ్లలో కరెంటు లేదు. పల్లెకు తీగలు వేస్తే గిట్టదని కంపెనీలు వదిలేశాయి. 1936లో నోరిస్, ప్రతినిధుల సభ సభ్యుడు రేబర్న్ తెచ్చిన చట్టంతో రైతులే సంఘాలు పెట్టుకుని, సర్కారు అప్పుతో స్తంభాలు నాటుకున్నారు.
మాకు కరెంటు ఇచ్చే సిరిసిల్ల సెస్సు కూడా అట్లాంటి సహకార సంఘమే, 1970 ప్రాంతంలో మొదలైంది. అంతకుముందు మా ఇంట్లో కందిలి, బావి దగ్గర మోట. మోటారు తిరిగి మొదటిసారి నీళ్లు పడ్డ రోజు మా నాయన కాలువలో కూర్చుని ముఖం కడుక్కున్నాడు. పాలకవర్గానికి ఇప్పటికీ మేమే ఓట్లేస్తం. మా నాయన షేరు కాగితం నా దగ్గరే ఉంది.

విద్యార్థిని:
బాపూ, కోటు జేబులో కాగితంతో మొదలుపెట్టి మీ కాలువ దగ్గరికి వస్తా. ఆ షేరు కాగితం చూడొచ్చా?

రైతు, సిరిసిల్ల:
ఆదివారం రా బిడ్డా. బావి కూడా చూపిస్త.