తేనె కలపకుండా ఓట్స్ బార్లు విరగకుండా రావాలంటే?

పిల్లల కోసం ఇంట్లోనే ఓట్స్ బార్లు చేస్తున్నాను. రుచికి వంక పెట్టడానికి లేదు, కానీ కత్తి పెట్టగానే పొడిపొడిగా రాలిపోతున్నాయి. అంచు ముక్కలు కాస్త నిలుస్తాయి. మధ్య ముక్క చేతిలోకి తీసుకుంటే సగం ట్రేలోనే ఉండిపోతుంది.

ఎవరిని అడిగినా తేనె కలపమంటున్నారు. మా చిన్నదానికి ఇంకా ఏడాది నిండలేదు. తేనెలో బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా స్పోర్లు (బీజాల్లాంటివి) ఉండొచ్చు, మామూలుగా బేక్ చేసినా అవి చావవు, అందుకే ఏడాదిలోపు పెట్టకూడదు. పెద్దవాడికి మాత్రమే వేరుగా చేద్దామంటే, వాడి చేతిలోది లాక్కుని నోట్లో పెట్టుకోవడమే దానికి రోజూ పని! చక్కెర పాకం కూడా వద్దు. బాదం, జీడిపప్పు పలుకులుగా వేస్తే గొంతుకు అడ్డం పడతాయని టెన్షన్, మెత్తగా పొడి కొట్టే వేస్తున్నాను.

ప్రస్తుతం ఖర్జూరాలు వేడినీళ్లలో నానబెట్టి ముద్ద చేసి, అరటిపండు మెదిపి కలిపి, 180 డిగ్రీల్లో బేక్ చేస్తున్నాను. పూర్తిగా చల్లారాకే కోస్తున్నాను, కాబట్టి ఆ సలహా వద్దండీ.

ఓట్స్‌లో కొంత పిండి పట్టి కలిపితే పట్టు వస్తుందా? గుడ్డు మాకు పడుతుంది, రెండు కప్పుల ఓట్స్‌కి ఒకటి సరిపోతుందా, లేక కేకులా అయిపోతుందా? అరటిపండు ఉంది కాబట్టి ఫ్రిజ్‌లోనే పెడుతున్నాను, ఫ్రీజర్‌లో పెడితే తీశాక మెత్తబడతాయా? స్వయంగా చేసి చూసినవాళ్లు కొలతలతో సహా చెప్పగలరు.